క్యాంపు ఎప్పుడు ఊరగును?

కృష్ణా, గోదావరి డెల్టా గ్రామములలోని మా పాఠకులలో తుంగభద్ర ఆయకట్టునందు బంధువులు గలవారు చాలామంది ఉందురు. పెదనాన్నగారి కుటుంబము గంగావతి ప్రాంతములోనో, మేనత్తగారి కుటుంబము సింధనూరు ప్రాంతములోనో, చిన్ననాటి స్నేహితుడు సిరుగుప్ప వైపుననో స్థిరపడియుందురు. వారి ఇంట పెండ్లి జరిగినప్పుడు మీకు వచ్చిన శుభలేఖను ఒకసారి తీసి చూడండి. ఊరి పేరు చివర "క్యాంపు" అన్న మాట తరచుగా కనబడును.

క్యాంపు అనగా గుడారము వేసికొని నాలుగు నాళ్ళుండి, పని కాగానే పీకికొని పోవు తావు. ఆ క్యాంపులలో కొన్ని ఏర్పడి డెబ్బది ఏండ్లు కావచ్చినది. అక్కడ రామాలయములు వెలసినవి, బడులు వచ్చినవి, మునిమనుమలు పుట్టి పెరిగినారు. పేరు మాత్రము క్యాంపుగనే నిలిచిపోయినది.

కొత్త తావునకు పోయి పొలము కొన్న రైతు ఎన్నటికి ఆ ఊరివాడగును? రిజిస్ట్రేషన్ కాగితము చేతికి వచ్చిన నాడు భూమి మనదగును గాని ఊరు మనది కాదు. నేడును కౌలుభూమి వెదకికొని జిల్లాలు దాటి పోవు రైతులున్నారు. నగరములో ఉద్యోగము మాని పల్లెలో నాలుగెకరములు కొని సేద్యమునకు దిగిన యువకులున్నారు. మీరు అట్టివారే కావచ్చును. లేక మీ ఊరి పొలిమేరలోనే అట్టి కుటుంబమొకటి ఇల్లు కట్టుకొనుచుండవచ్చును. కావున తుంగభద్ర క్యాంపుల అనుభవమును కొంత వివరముగా తెలిసికొనుట ఇరువురకును ఉపయోగము.

నీరు వచ్చిన తరువాత

హోస్పేట సమీపమున తుంగభద్ర డ్యాముకు 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది. అప్పటి మద్రాసు ప్రభుత్వమును, హైదరాబాదు సంస్థానమును కలిసి తలపెట్టిన పని అది. 1953లో కాలువలకు నీరు వదలిరి. ఎడమగట్టు కాలువ సుమారు 227 కిలోమీటర్లు సాగి గంగావతి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు పోవును.

నీరు రాకముందు అది నల్లరేగడి మెట్ట. జొన్న, ప్రత్తి, కుసుమ, వేరుశనగ అక్కడి పంటలు. వాన తక్కువ, కరువు ఎక్కువ. కాలువ తవ్వినంత మాత్రమున ఆ భూములు మాగాణులు కాలేదు. పొలము చదును చేయవలెను, గట్లు వేయవలెను, పిల్లకాలువలు తీయవలెను. స్థానిక రైతులలో చాలామంది వద్ద అందుకు తగిన పెట్టుబడి లేదు, తడి సేద్యము అలవాటును లేదు. ఇక డెల్టాలో చూచినచో అన్నదమ్ముల పంపకములతో కమతములు చిన్నవైపోయినవి, భూమి ధర పెరిగినది. ఇక్కడ ఒక ఎకరము అమ్మిన సొమ్ముతో అక్కడ పలు ఎకరములు దొరకును. బండ్లు కట్టుకొని, రైళ్ళెక్కి మనవారు వెళ్ళిరి. వారి వెంట కూలి కుటుంబములును వెళ్ళినవి. ఈ రెండవ సంగతి సాధారణముగా ఎవరును చెప్పరు.

మొదట వెళ్ళినవారిలో కొందరికి ఒక విచిత్రము జరిగినది. వారు వెళ్ళునాటికి రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగి అది మైసూరు రాష్ట్రములో చేరినది. 1973లో ఆ రాష్ట్రము పేరు కర్ణాటక అయినది. ఊరు మారిన కొలది కాలమునకే, ఉన్నచోటు నుండి కదలకుండగనే, వారికి రాష్ట్రము కూడ మారినది. బడిలో, కచేరిలో, పహాణీలో అంతటను కన్నడము.

కొత్తవారు తెచ్చినవి, అక్కడ ఉన్నవి

దమ్ము చేయుట, నారుమడి పోయుట, వరుసగా ఊడ్చుట మనవారితో పోయిన విద్యలు. స్థానిక స్త్రీలు కొలది ఏండ్లలోనే ఊడ్పులు నేర్చినారు. గంగావతి, కారటగి, సింధనూరులలో బియ్యపు మిల్లులు వెలసినవి. మన బాపట్ల పరిశోధనా స్థానములో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, అక్కడి పొలములలో బాగుగా పాదుకొన్నది. మొక్క పోయి పాదుకొనుటకు ఒక పంటకాలము చాలును. మనిషికి అంత సులభము కాదు.

అక్కడివారికి తెలిసిన విద్యలు కూడ ఉన్నవి. నల్లరేగడి ఎప్పుడు గుంటకకు లొంగునో, ఎప్పుడు లొంగదో, ఏ వాన తరువాత జొన్న విత్తిన నేలలోని చెమ్మతోనే పైరు గట్టెక్కునో తరతరములుగా ఎరిగినవారు వారు. నల్లరేగడిలో నీరు నిలువ ఉంచిన ఏమగునో కూడ వారిలోని పెద్దలు ఊహించియుందురు. ఏటేటా రెండు కార్లు వరి వేసినచోట్ల మురుగు పోవు దారి లేక, అడుగు నీరు పైకి వచ్చి, ఉప్పు తేలి, ఎన్నో పొలములు చౌడుబారినవి. గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రము ఈ చౌడు భూములను బాగుచేయుట మీద చాలాకాలముగా పనిచేయుచున్నది. భూమి లోపల గొట్టములు పరచి మురుగు తీయుట మొదలగు ఉపాయములు ఉన్నవి గాని ఖర్చు అధికము.

కావున కొత్త ఊరిలో మొదటి సంవత్సరము భూమి కొనుట కంటె కౌలుకు చేయుట మంచిదని మా అభిప్రాయము. ఆ సంవత్సరములో మీ పొలము పక్కవానిని అడిగి తెలిసికొనవలసినవి చాలా ఉన్నవి. గడచిన పదేండ్లలో ఏ పంట ఎన్నిసార్లు చేతికి వచ్చినది? ఏ వైపు నుండి మురుగు దిగును? ఏ నెలలో కాలువ ఆగును? అడిగినవానిని ఊరు ఆదరించును. అన్నియు తెలిసినట్లు ట్రాక్టరు దింపినవానిని గట్టు మీద నిలిచి చూచును, అంతే.

కాలువ చివరి రైతు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. క్యాంపులకును, పాత ఊళ్ళకును నడుమ ఏదైనా అడ్డు ఉన్నదన్నచో అది భాష కంటె ముందు నీరు.

తుంగభద్ర ఎడమగట్టు కాలువను వరి కొరకు ఉద్దేశించలేదు. కరువు ప్రాంతములో వీలైనంత ఎక్కువ భూమికి, వీలైనంత ఎక్కువమంది రైతులకు, కొంచెము కొంచెము నీరిచ్చి జొన్నను, ప్రత్తిని, వేరుశనగను ఎండిపోకుండ కాపాడుట దాని ఉద్దేశము. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయవలెనో ముందే నిర్ణయించినారు. వరికి కేటాయించిన భాగము చాల స్వల్పము. వరికి ఒక కారులో సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావలెను. జొన్నకు 500 చాలును. అనగా కాలువ తల దగ్గర ఒక ఎకరము వరి పెట్టినచో, చివర రెండెకరముల జొన్న నోటి నీరు పోయినట్లే.

తల దగ్గర వరి పెట్టినారు. ఒక ఎకరము కాదు, చాలా ఎకరములు. డెల్టా నుండి వచ్చినవారికి నీరు కనబడిన వరి కనబడును. అది వారికి పుట్టుకతో వచ్చిన చూపు. చట్టము కాదన్నను, అధికపు నీటితీరువా విధించినను, వరి ఆగలేదు. పంట లాభముగా ఉండుట చూచి తల దగ్గరి స్థానిక భూస్వాములును వరిలోనికి దిగినారు. కనుక తప్పంతయు వలస వచ్చినవారిపై మోపుట న్యాయము కాదు. తూములు చూడవలసినవారు చూడకపోవుట కూడ అందులో ఉన్నది. అయినను మాన్వి, రాయచూరు వైపు కాలువ చివర కూర్చుండి రాని నీటి కొరకు ఎదురుచూచు రైతుకు ఈ వివరములతో పని లేదు. పైన పచ్చగా కనబడునది ఎవరి చేనని అడుగును. "క్యాంపువారిది" అని జవాబు వచ్చును.

ఆ ఒక్క మాటతో, మీరు ఎన్ని గుళ్ళు కట్టించినను, ఎన్ని అన్నదానములు చేసినను, పరాయివారైపోవుదురు.

ఒక కుటుంబమును ఊహించుకొనండి. తండ్రి తణుకు వైపు నుండి వెళ్ళి ఎనిమిదెకరములు కొన్నాడు. కొడుకు అక్కడే పుట్టినాడు. కన్నడము తెలుగుకంటె బాగుగా మాట్లాడును. పంట పొట్టదశలో ఉన్నది. కాలువలో నీరు తగ్గినది. వంతు ప్రకారము నేటి రాత్రి తూము మూసి క్రిందికి వదలవలెను. తండ్రి తూము మూయవద్దనును. పైరు ఎండునని ఆయన భయము. ఆ భయము నిజమైనదే. వరి పొట్టదశలో నీరు తప్పిన తాలు పెరుగునని మన పత్రికలోనే ఎన్నోమార్లు వ్రాసితిమి. కొడుకు మూయవలెననును, ఏలనన క్రింద తూము వారి అబ్బాయి వానితో కలిసి చదివినాడు. ఆ రాత్రి ఆ యింట జరుగు వాదమే ఆ కుటుంబము ఆ ఊరిదో కాదో తేల్చును. మూసినచో కొన్ని బస్తాలు తగ్గవచ్చును. అది చిన్న నష్టమని మేము చెప్పము. అప్పుచేసి పెట్టుబడి పెట్టిన రైతుకు ఐదు బస్తాలైనను పెద్దవే.

ఈ చిక్కు రాత్రికి రాత్రి తీరునది కాదు; నాటుటకు ముందే తీర్చుకొనవలెను. కొత్త ఊరిలో పొలము చూచునప్పుడు మట్టి రంగు కంటె ముందు మూడు సంగతులు విచారించండి. ఆ పొలము ఏ తూము క్రిందిది? ఆ తూము తలకు దగ్గరా, చివరకు దగ్గరా? ఆ సర్వే నంబరుకు అధికారికముగా ఏ పంట నిర్ణయింపబడినది? ఆరుతడికి నిర్ణయించిన భూమి చౌకగా దొరికినదని కొని వరి వేయదలచినచో, ఆ చౌకలోని మిగులు ఎవరి జేబులోనుండి వచ్చుచున్నదో ముందే తెలిసికొనండి. నీరు తక్కువగా ఉన్న ఏట సగము వరి, సగము ఆరుతడి వేయుట, దమ్ము లేకుండ నేరుగా విత్తు పద్ధతిని ప్రయత్నించుట, పైరు దశను బట్టి మార్చి మార్చి తడుపుట మొదలగునవి ఆచరించిన చివరి తూముకు కొంత నీరు మిగులును. నీటి సంఘము సమావేశము జరుగునప్పుడు, పిలిచినను పిలువకున్నను, వెళ్ళి వెనుక వరుసలోనైనను కూర్చుండండి.

మాట, పండుగ

భాష గురించి చెప్పుటకు ఎక్కువ లేదు, నేర్చుకొనవలెను. మన రైతుకు కన్నడము కొండ కాదు. లిపి మన లిపికి చెల్లెలు వంటిది. బడికి పోయినవాడు కొలది దినములలోనే బస్సు బోర్డులు చదువగలడు. మన "పాలు" అక్కడ "హాలు", మన "పువ్వు" అక్కడ "హూవు", మన జొన్న అక్కడ "జోళ". "నీరు" మాత్రము రెండు భాషలలోను నీరే.

పహాణీ చదువగలిగినంత కన్నడమైనను ఇంటి పెద్దకు వచ్చియుండవలెను. ప్రతి కాగితమునకు మధ్యవర్తిని వెదకు కుటుంబము ఎన్నాళ్ళున్నను అతిథియే. స్త్రీల విషయమున మేము గమనించినదేమనగా, వారు మగవారికంటె ముందే ఊరివారగుదురు. ఊడ్పులలో పక్కపక్కన వంగి పనిచేసినవారికి, జొన్నరొట్టె తట్టుట నేర్పించుకొన్నవారికి వ్యాకరణముతో పని పడదు.

పండుగల సంగతి చూడండి. జ్యేష్ఠ పూర్ణిమ నాడు మనకు ఏరువాక. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, అరక పూజించెదము. అదే దినమున అక్కడ "కార హుణ్ణిమె". వారును ఎద్దులను కడిగి, రంగులు వేసి, ఊరేగింతురు. ఒకే పున్నమి, ఒకే ఎద్దు, రెండు పేర్లు. అట్లుండగా క్యాంపువారు క్యాంపులోను, ఊరివారు ఊరిలోను వేర్వేరుగా జరుపుకొనుట ఎందులకో మాకు అర్థము కాదు. ఒక ఏడు మీ ఎద్దులను, ఎద్దులు లేకున్న మీ పిల్లలనైనను, ఊరి ఊరేగింపునకు తోలుకొని పొండి.

ఎళ్ళ అమావాస్య అని వారికి ఇంకొకటి ఉన్నది. మార్గశిర మాసపు అమావాస్య నాడు ఇంటిల్లిపాది రొట్టెలు, కూరలు మూటగట్టుకొని చేనికి పోయి, భూమికి నైవేద్యముగా చేనంతట చల్లి, ఆపైన చేనులోనే కూర్చుండి భోజనము చేయుదురు. చుట్టములను, స్నేహితులను పిలుతురు. ఆ పిలుపు మీకు వచ్చినచో పని ఉన్నదని తప్పించుకొనరాదు. పిలుపు రానిచో నొచ్చుకొనక, మీ చేనికి మీరే వారిని పిలువండి. ఆ దినము ఎవరును కాదనరు.

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి "బన్ని తగొండు బంగారదంగ ఇరోణ" అందురు. జమ్మి తీసికొని బంగారము వలె ఉందమని దాని భావము. తెలంగాణమునందును జమ్మి ఆకును బంగారమని పంచుకొనుట ఉన్నది. కోస్తా నుండి వెళ్ళినవారికి ఈ ఆచారము అంతగా అలవాటు లేదు. అక్కడ కొత్తవాడు పెద్దలు వచ్చి ఇచ్చువరకు ఆగడు. తానే ముందు పోయి వారి చేతిలో పెట్టి పాదములకు నమస్కరించును.

ఒకే భాష మాట్లాడు తావునకు పోయినచో ఈ బాధ ఉండదని తలచువారు నిజాంసాగరు ప్రాంతమును చూడవచ్చును. మంజీరపై 1923లో పని మొదలై 1931లో పూర్తియైన ఆ ప్రాజెక్టు క్రింద బోధన్, వర్ని, బాన్సువాడ వైపు కోస్తా రైతులు చాలా ముందుగనే వెళ్ళి స్థిరపడిరి. అక్కడ భాష తెలుగే. అయినను యాస వేరు, పిలుపు వేరు, వంట వేరు. అక్కడ కూడ క్యాంపులున్నవి.

గ్రామాధికారులకు ఒక మాట

మీ గ్రామమునకు కొత్త కుటుంబము వచ్చినప్పుడు మొదటి ఆరు నెలలలో వారికి కావలసినది పెద్దగా ఏమియు లేదు. కౌలుకు సేద్యము చేయువారైనచో పంట నమోదులో భూయజమాని పేరు వెంట సాగుదారు పేరు కూడ సరిగా ఎక్కునట్లు చూడండి. అది ఎక్కనిచో పంట నష్టము వచ్చిన నాడు పరిహారము ఊరు విడిచిన యజమానికి పోవును, నష్టము మాత్రము వీరికి మిగులును. బడిలో పిల్లలను చేర్పించునప్పుడు పాత బడి కాగితములు రాలేదని త్రిప్పిపంపకుండ మాట సాయము చేయండి. మీ మాటలలో, నోటీసులలో "ఫలానా జిల్లావారు" అని వ్రాయుట మాని ఇంటిపేరుతో వ్రాయండి.

వెంట వచ్చిన కూలి కుటుంబములను మరువకండి. భూమి గలవాడు డబ్బుతో ఊరిలో కొంత చోటు సంపాదించుకొనును. కూలివానికి ఇటు క్యాంపులోను చోటు చివరనే, అటు ఊరిలోను చోటు చివరనే. ఇండ్ల స్థలములు, రేషను కార్డు, శ్మశానములో చోటు, ఈ మూటి దగ్గరనే వాని తగవులన్నియు వచ్చును. శ్మశానము మాట ఏలనన్నచో, తల్లిదండ్రులలో ఒకరిని ఆ నేలలో సాగనంపిన తరువాత గాని ఏ కుటుంబమును "మా ఊరు" అని ధైర్యముగా అనలేదు. ఆ దినమున చోటు కొరకు వాదులాడవలసివచ్చినచో వారు దానిని మూడు తరములు మరువరు.

గేటు పోయిన రాత్రి

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. డ్యాము నిండుగా ఉన్నది. విరిగిన గేటు గుండా నీరు ఉరుకుచుండగా, వత్తిడి తగ్గించుటకు మిగిలిన గేట్లు కూడ ఎత్తవలసివచ్చినది. పూడిక వలన ఆ జలాశయము ఇదివరకే కుంచించుకొనియున్నది. మొదట 133 టి.ఎం.సీ.లు పట్టునది ఇప్పుడు సుమారు 105 మాత్రమే పట్టును. అట్టిది ఖాళీ అగుచున్నదని తెలిసిన ఆ దినములలో క్యాంపులోని రైతును, పాత ఊరి రైతును, తల తూమువాడును, చివరి తూమువాడును ఒకే వార్త కొరకు చెవియొగ్గినారు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి పర్యవేక్షణలో వారము దినములలో ఆ చోట ఉక్కు పలకలు దింపి ప్రవాహమును ఆపినారు. తరువాత వానలు కురిసి డ్యాము తిరిగి నిండినది. కాలువలు పారినవి. తల దగ్గర మరల వరి ఊడ్చినారు.

మీరు ఆ ఆయకట్టులో ఉన్నను, మరి యే ఆయకట్టులో ఉన్నను, మీ చేను మూన తిరిగి పచ్చబడిన తరువాత ఒక పని చేయండి. ఒక ఉదయము ఎరువు, పురుగుమందు, కూలి లెక్కలు ప్రక్కన పెట్టి, మోటారు సైకిలుపై కాలువగట్టు వెంట క్రిందికి పొండి. మీ తూము దాటి, తరువాతి తూము దాటి, గట్టు మీద తుమ్మలు దట్టమై నీటి జాడ సన్నగిల్లు చోటువరకు పొండి. చివరి తూము దగ్గర ఒకరు కూర్చుండి ఉందురు. బండి దిగి, ఆయన ప్రక్కన కూర్చుండి, మీ తూము నంబరు చెప్పి, ఈ ఏడు ఆయనకు ఎన్ని తడులు అందినవో అడగండి.